తాళంచెవి లేని తలుపు: స్మార్ట్ లాక్ కొనేముందు, బిగించేముందు



2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు, కొత్త కార్యాలయాలు, కాలేజీలు వచ్చాయి. అమ్మానాన్నలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు, బదిలీల మీద వచ్చి అద్దెకు ఉండే కుటుంబాలు మన పాఠశాలల్లోనూ కనిపిస్తున్నాయి. అలాంటి ఇళ్లలో సాయంత్రం బడి బస్సు దిగిన బిడ్డకు మొదటి ప్రశ్న తాళంచెవి ఎక్కడ అన్నదే. పూలకుండీ కింద, చెప్పుల స్టాండు వెనక, కరెంటు మీటరు మీద పెట్టి పోవడం పాత అలవాటు. ఆ మూడు చోట్లూ దొంగకు కూడా తెలుసు. చెవి బ్యాగులో పెట్టి పంపితే పోతుందేమోనని భయం.

అందుకే ఈ మధ్య తల్లిదండ్రులు స్మార్ట్ లాక్ గురించి అడుగుతున్నారు. అంకెలు నొక్కితే, వేలు పెడితే, ఫోన్‌లో తాకితే తెరుచుకునే తాళాలివి. ఐదారు వేల నుంచి ముప్పై వేలు దాటిన ధరల దాకా దొరుకుతున్నాయి. ప్రకటనలన్నీ ఫోన్‌ను చూపిస్తాయి. ఇల్లు మాత్రం ఫోన్‌తో నడవదు. బిడ్డ దగ్గర ఫోన్ ఉండదు, అవ్వకు ఫోన్ నడపడం రాదు, కరెంటు పోతే ఇంటి నెట్ ఆగిపోతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరతారు. నడిగడ్డ ఎండలో మూసిన తలుపు ముందు ఒక గంట నిలబడటం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు.

కాబట్టి ఏ తాళాన్నయినా కొనేముందు ఈ ఒక్క పరీక్ష పెట్టండి: ఫోన్ లేకుండా, నెట్ లేకుండా, కరెంటు లేకుండా మా బిడ్డ లోపలికి రాగలడా? తాళంచెవి వెతుక్కోకుండా బయటికి పోగలడా? రెండింటికీ అవునని జవాబు వచ్చిన తాళమే మీ ఇంటి తాళం. మిగతా హంగులన్నీ దాని తర్వాతే.

డెడ్‌బోల్ట్ అంటే ఏమిటి?

తలుపు తోస్తే టక్కున పడే తాళంలో స్ప్రింగు నాలుక ఉంటుంది. దాని అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సందులోంచి పలుచని రేకు దూర్చి వెనక్కి నెట్టే వీలుంది. డెడ్‌బోల్ట్‌లో స్ప్రింగు ఉండదు. చదరపు అంచుగల గట్టి ఉక్కు గడియ ద్వారబంధంలోకి సుమారు అంగుళం దాకా వెళ్లి నిలుస్తుంది. లోపలి యంత్రం తిరిగితే తప్ప అది వెనక్కి రాదు. మన పెద్దవాళ్లు రాత్రి వేసే బేడెం కూడా ఇదే పద్ధతి. తేడా ఏమిటంటే డెడ్‌బోల్ట్‌ను బయటి నుంచీ తిప్పవచ్చు.

స్మార్ట్ లాక్ ఈ గడియకు చిన్న మోటారును, మోటారుకు ఎవరిని గుర్తించాలో చెప్పే ఒక చిప్‌ను తగిలిస్తుంది. తాళంచెవితో తిరిగే సిలిండర్‌ను అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో తీర్చిదిద్దారు. మన దేశంలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో తాళాల తయారీతోనే వ్యాపారం మొదలుపెట్టారు. ఆ రెండు పేర్లూ ఈనాటి స్మార్ట్ లాక్ డబ్బాల మీద కనిపిస్తాయి. మారింది గుర్తింపు పద్ధతి ఒక్కటే. తలుపును ఆపేది ఇప్పటికీ ఆ ఉక్కు గడియే. అందుకని మొబైల్ యాప్ ఎంత బాగుందో చూసేముందు గడియ ఎంత లావుందో, ఎంత లోతుకు వెళ్తుందో చూడండి.

ముందు మీ తలుపును చూడండి

విదేశీ డెడ్‌బోల్ట్‌లు ఒంటిరెక్క తలుపును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. తలుపు మందం 35 నుంచి 45 మిల్లీమీటర్లు, దానికి 54 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం, తలుపు అంచు నుంచి ఆ రంధ్రం మధ్యకు 60 లేదా 70 మిల్లీమీటర్ల దూరం కావాలి. మన ఇళ్లలో పరిస్థితి వేరు. స్కేలు, టేపు పట్టుకుని ఈ ఐదు విషయాలు చూసి రాసుకోండి.

మొదటిది, తలుపు రకం. పాత ఇళ్లలో రెండు రెక్కల టేకు తలుపులు ఉంటాయి. వాటికి గుండ్రని రంధ్రం పడే డెడ్‌బోల్ట్ కన్నా లోపలివైపు పైన బిగించే రిమ్ లాక్ నయం. ఒక రెక్కను పైనా కిందా బోల్టులతో కదలకుండా చేస్తేనే రెండో రెక్క మీది తాళానికి బలం. ఆ రెక్క ఊగుతుంటే ఎంత ఖరీదైన తాళమైనా వృథా. కొత్త ఒంటిరెక్క తలుపుల్లో అంచు లోపలికి దిగే మోర్టైజ్ లాక్ పెట్టవచ్చు. దానికి తలుపు నిలువు చట్రం తగినంత వెడల్పు ఉండాలి. రెడీమేడ్ స్టీలు తలుపులు వాటి సొంత తాళంతో వస్తాయి. వాటికి ఏ స్మార్ట్ లాక్ సరిపోతుందో ముందుగా తలుపు అమ్మినవాళ్లనే అడగండి.

రెండోది, మందం. తాళం డబ్బా మీద కనీస, గరిష్ఠ మందాలు రాసి ఉంటాయి. పాత తలుపుల్లో 50 మిల్లీమీటర్లు దాటేవీ ఉంటాయి. వాటికి పొడవైన స్క్రూలు, కడ్డీ విడిగా తెప్పించాలి.

మూడోది, ఇనుప గ్రిల్లు. మన వీధుల్లో చాలా ఇళ్లకు తలుపు ముందు వరండాకు గ్రిల్లు గేటు, దానికి తాళం కప్ప ఉంటాయి. లోపలి తలుపుకు వేలిముద్ర తాళం పెట్టి, బయటి గేటుకు తాళం కప్ప వేసి వెళ్తే బిడ్డకు మళ్లీ చెవి కావాల్సిందే. గ్రిల్లుకు పగలు ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. పగటిపూట గొళ్లెం మాత్రమే పెట్టి రాత్రికి తాళం వేయడం ఒక దారి. గ్రిల్లుకే వెల్డింగ్ చేయించి రిమ్ లాక్ పెట్టడం రెండో దారి. వేలిముద్రతో తెరుచుకునే తాళం కప్పలూ వస్తున్నాయి. అవి ఎండకూ వానకూ నేరుగా గురవుతాయి కాబట్టి గ్రిల్లు మీద సజ్జ నీడ ఉందో లేదో చూసుకోండి.

నాలుగోది, బయటి ఆల్‌డ్రాప్. స్మార్ట్ లాక్ పెట్టాక కూడా దాన్ని అలాగే వదిలేస్తే ఆకతాయిగానో దురుద్దేశంతోనో ఎవరైనా బయటి నుంచి గడియ పెట్టవచ్చు. లోపల ఉన్న బిడ్డ చిక్కుకుపోతాడు. రోజూ ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉండే తలుపుకు బయటి ఆల్‌డ్రాప్ తీయించేయడం మంచిది.

ఐదోది, వానాకాలం. చెక్క తడిని పీల్చి ఉబ్బుతుంది. వానల్లో భుజంతో నెడితే గాని మూసుకోని తలుపులు మీకు తెలిసినవే. చేత్తో అయితే మనం కాస్త ఎత్తి తోసి గడియ పెడతాం. మోటారుకు ఆ తెలివి లేదు. గడియ రంధ్రం అంచుకు తగిలి ఆగిపోతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఒక్కోసారి తాళం పడిందనుకుని మనం వెళ్లిపోతాం. ముందు వడ్రంగిని పిలిచి తలుపు అంచు చిత్రిక పట్టించి, కీళ్లు సరిచేయించి, ఆ తర్వాతే తాళం కొనండి. ఒక్క వేలితో తోస్తే తలుపు మూసుకోవాలి. ఆ వడ్రంగి ఖర్చే మీ స్మార్ట్ లాక్‌కు అసలైన బీమా.

అద్దె ఇల్లయితే రంధ్రం వేసేముందు యజమానితో మాట్లాడండి. ఖాళీ చేసేటప్పుడు తాళం తీసుకుపోతారా, వదిలిపోతారా అన్నది కూడా అప్పుడే అనుకుంటే తర్వాత మాట రాదు.

ఎవరికి ఏ దారి?

మంచి తాళంలో తెరిచే దారులు కనీసం మూడు ఉండాలి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోటి నప్పుతుంది.

వేలిముద్ర: వేగమైనది, మరిచిపోయేది కాదు. అయితే సెన్సర్ చదివేది వేలి మీది గట్లను, వాటి మధ్య గాడులను. పత్తి, వేరుశనగ పనులు చేసిన చేతుల్లో, ఏళ్ల తరబడి మగ్గం మీద పనిచేసిన చేతుల్లో, వయసు మళ్లినవారి చేతుల్లో ఆ గట్లు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడని అవ్వకు ఇంటి తలుపు దగ్గరా పడదు. పిల్లల సంగతి వేరు. గీతల అమరిక పుట్టుకతో వచ్చిందే, మారదు. కానీ వేలు పెరిగేకొద్దీ గీతల మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ఏటా జూన్‌లో బడి తెరిచేటప్పుడు పిల్లల వేలిముద్రలు కొత్తగా నమోదు చేయండి. రెండు చేతుల నుంచీ రెండేసి వేళ్లు ఇవ్వండి. ఒక చేతికి కట్టు ఉన్న రోజు రెండోది పనికొస్తుంది. గోరింటాకు, మట్టి, తడి ఉన్నప్పుడు పడకపోవచ్చని పిల్లలకు చెప్పి ఉంచండి.

అంకెల పిన్: ప్రాథమిక తరగతులు దాటిన పిల్లలకు బాగా నప్పుతుంది. పోగొట్టుకునే వస్తువేమీ ఉండదు. వేలిముద్ర పడని రోజుకు ఇదే ఆధారం.

కార్డు లేదా ట్యాగు: తాకిస్తే తెరుచుకుంటుంది. అంకెలు గుర్తుండని పెద్దవాళ్లకు ఇది సులువు. పోతే ఆ ఒక్క కార్డునే రద్దు చేయవచ్చు, తాళం మార్చనక్కరలేదు. ట్యాగు మీద ఇంటి నంబరు, పేరు రాయకండి.

మామూలు తాళంచెవి: ఇది లేని స్మార్ట్ లాక్ కొనకపోవడమే మేలు. మిగతావన్నీ ఆగిపోయిన రోజు పనికొచ్చేది ఇదే.

ఫోన్: తల్లిదండ్రులకు మాత్రమే. అయిజ నుంచో అచ్చంపేట నుంచో చుట్టాలు ముందే వచ్చి గుమ్మంలో నిలబడితే వాళ్లకు ఆ పూటకే చెల్లే పిన్ పంపడానికి, పనిమనిషికి ఫలానా వేళల్లోనే పనిచేసే పిన్ ఇవ్వడానికి ఇది నిజంగా ఉపయోగం.

బ్లూటూత్, వైఫై, మిగతా పేర్లు

బ్లూటూత్ ఉన్న తాళం తలుపు దగ్గర నిలబడ్డ ఫోన్‌తో మాట్లాడుతుంది. ఆఫీసులో కూర్చుని తెరవాలంటే తాళంలో వైఫై ఉండాలి, లేదా ఇంట్లో గేట్‌వే అనే చిన్న పెట్టె పెట్టాలి. వైఫై తాళాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తుంటే సెట్టింగులో రెండోదీ తెరవండి. రౌటర్ వెనక గదిలో ఉండి మధ్యలో రాతిగోడలు, స్టీలు తలుపు ఉంటే సిగ్నల్ అందదు. తాళం కొనేముందు ఫోన్ పట్టుకుని తలుపు మూసి, దాని పక్కనే నిలబడి సిగ్నల్ చూడండి. వైఫై తాళంలో బ్యాటరీ బ్లూటూత్ దానికన్నా త్వరగా అయిపోతుందని గుర్తుంచుకోండి.

కరెంటు పోయినా తాళం ఆగదు, అది బ్యాటరీ మీద నడుస్తుంది. ఆగేది రౌటర్. దూరం నుంచి తెరిచే సౌకర్యం ముఖ్యమనుకుంటే రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించండి.

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు కూడా ఫోన్‌తో నడిపించాలన్న ఆలోచన ఉంటే మ్యాటర్ అన్న గుర్తు ఉందేమో చూడండి. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2022 అక్టోబరులో వచ్చిన ఉమ్మడి ప్రమాణం అది. తలుపు తెరవగానే వరండా లైటు వెలగడం, మీ ఫోన్‌కు సందేశం రావడం దీంతో సులువు. స్పీకర్‌కు మాటతో చెప్పి తలుపు తెరిచే సౌకర్యాన్ని మాత్రం ఆపేయండి. కిటికీ బయట నుంచి ఎవరు కేకేసినా అది వింటుంది.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువులు తాళం తెస్తామంటే రెండు మాటలు చెప్పండి. జడ్-వేవ్ అనే రేడియో పద్ధతి అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. అక్కడి జడ్-వేవ్ తాళం ఇక్కడి పరికరాలతో కలవదు. పైగా చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఇక్కడ కొన్నా సర్వీసు మనిషి మీ పిన్‌కోడ్‌కు వస్తాడా అని ముందే అడగండి. మన మూడు పట్టణాలకు హైదరాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలుల్లో ఎక్కడి నుంచి వస్తాడో, ఎన్నాళ్లకు వస్తాడో తెలిస్తే ధర సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

బిగించే రోజు

ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే సాయంత్రానికి సరిచేసుకోవచ్చు. పెద్దవాళ్లలో ఒకరు తప్పకుండా ఇంట్లో ఉండాలి.

రంధ్రం వేసేముందు డబ్బాలో వచ్చిన కాగితపు నమూనాను తలుపుకు అంటించి, కొలతలు రెండుసార్లు సరిచూడండి. తలుపు ఎడమవైపు తెరుచుకునేదా కుడివైపుదా అన్నది తాళానికి సరిపోవాలి. అంకెల పలక మీ పిల్లల్లో చిన్నవాడికి అందే ఎత్తులో ఉందేమో వాడినే నిలబెట్టి చూడండి. గడియ దిగే ఉక్కు బిళ్లకు పొట్టి స్క్రూలు కాకుండా, ద్వారబంధంలోకి రెండంగుళాలకు పైగా దిగేవి వాడించండి. తలుపును తన్నినప్పుడు దెబ్బ పడేది అక్కడే.

బిగించడం అయ్యాక తలుపు తెరిచి ఉంచి పదిసార్లు గడియ వేసి తీయండి. బాగుంటేనే తలుపు మూసి, ఒకరు లోపల, ఒకరు బయట ఉండి మళ్లీ పదిసార్లు చేయండి. తాళంచెవి బయట ఉన్నవారి చేతిలో ఉండాలి.

తర్వాత సెట్టింగులు. ఇక్కడ బిగించే మనిషి ఫోన్ కాకుండా మీ ఫోన్ మాత్రమే వాడాలి. ఖాతా తండ్రి లేదా తల్లి పేరున తెరవండి, రెండోవారిని అదనపు యజమానిగా చేర్చండి. కంపెనీ నుంచి వచ్చిన మొదటి మాస్టర్ పిన్ వెంటనే మార్చండి. పరీక్ష కోసం బిగించేవారు పెట్టిన వేలిముద్రలు, పిన్‌లు అన్నీ తుడిచేయండి. సందేహముంటే అతను వెళ్లాక ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీరే మొదటి నుంచి పెట్టుకోండి. యాప్‌ను ప్లేస్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ఎవరు పంపినా తెరవకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మోసపోయామనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. యాప్‌లో రెండంచెల ధ్రువీకరణ ఉంటే పెట్టుకోండి, అప్‌డేట్లు వచ్చినప్పుడు వేసుకోండి.

తలుపు మూయగానే దానంతట అదే తాళం పడే సౌకర్యం బాగుంటుంది. కానీ బిడ్డ చెత్తబుట్ట పెట్టడానికి బయటికి వచ్చి గాలికి తలుపు మూసుకుపోతే బయటే ఉండిపోతాడు. ఇంట్లో అందరికీ పిన్ నోటికి వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచండి.

పిల్లలతో చేయండి: పిన్ లెక్క

ఇది ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మంచి లెక్క.

నాలుగంకెల పిన్‌లు 0000 నుంచి 9999 దాకా మొత్తం 10,000. ఐదుసార్లు తప్పు నొక్కితే మూడు నిమిషాలు ఆగిపోయే తాళం అనుకుందాం. అన్నీ వరుసగా ప్రయత్నించాలంటే దాదాపు 6,000 నిమిషాలు, అంటే 100 గంటలు పడుతుంది. ఆరంకెలైతే పిన్‌లు 10 లక్షలు, కాలం 10,000 గంటలు. అది ఏడాది దాటిపోతుంది.

ఇప్పుడు అసలు మెలిక. రోజూ అవే నాలుగు అంకెలు నొక్కితే పలక మీద ఆ నాలుగు చోట్లే జిడ్డు మరకలు పడతాయి. అంకెలు ఏవో తెలిసిపోతే మిగిలింది వరుస ఒక్కటే: 4×3×2×1, అంటే 24 రకాలు. ఐదేసి చొప్పున ప్రయత్నిస్తే పన్నెండు నిమిషాల నిరీక్షణతో అయిపోతుంది. నాలుగంకెల్లో ఒకటి రెండుసార్లు వచ్చేలా పెడితే మరకలు మూడే కనిపిస్తాయి, కానీ వరుసలు 36 అవుతాయి. ఎలాగో పిల్లలను అడగండి. వేర్వేరు ఆరంకెలైతే వరుసలు 720, నిరీక్షణ ఏడు గంటలు దాటుతుంది.

ఈ లెక్క నుంచి మూడు పాఠాలు. పిన్ ఆరంకెలది పెట్టండి. వారానికోసారి పలక తుడవండి. అసలు పిన్‌కు ముందూ వెనకా ఇష్టమైన అంకెలు కలిపి నొక్కే సౌకర్యం ఉంటే వాడుకోండి. ఆరంకెలు అనగానే ఊరి పిన్‌కోడ్ గుర్తొస్తుంది. గద్వాలలో 509125, వనపర్తిలో 509103, నాగర్‌కర్నూల్‌లో 509209 అందరికీ తెలిసినవే, అవి వద్దు. పుట్టినరోజులు, బండి నంబర్లూ వద్దు.

ఒక్కొక్కరికి ఒక్కో పిన్ ఇవ్వండి. ఎవరిదైనా బయటపడితే అది ఒక్కటే మార్చవచ్చు.

ఆగిపోయిన రోజు

చాలా తాళాలు నాలుగు డబుల్ ఎ బ్యాటరీలతో నడుస్తాయి. ఒక్కోటి 1.5 వోల్టులు, మొత్తం 6 వోల్టులు. మామూలు చవక సెల్లులకు బదులు ఆల్కలైన్‌వి వాడండి. పాతవీ కొత్తవీ కలపకండి. రీఛార్జి సెల్లులు ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి వాటిని చాలా కంపెనీలు వద్దంటాయి. వాడకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది వస్తాయి. హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి మార్చేయడం తేలిక పద్ధతి. ఉగాది నాటికి ఒంటిపూట బడులూ ఎండలూ మొదలై ఉంటాయి, కొత్త బ్యాటరీలు ఉండాల్సిన కాలం అదే. అయిపోయిన సెల్లులను తాళంలోనే వదిలేస్తే వేడికి కారి లోపలి భాగాలు పాడవుతాయి.

పడమటి ఎండ నేరుగా పడే తలుపయితే తాళం ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందో డబ్బా మీద చూడండి. ఎండలో ఇనుము వేడెక్కి, గాలి వేడి కన్నా చాలా ఎక్కువకు చేరుతుంది. వాన జల్లు తగిలే చోటయితే ఐపీ 65 లాంటి గుర్తు ఉన్నది తీసుకోండి. అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి.

బ్యాటరీ పూర్తిగా అయిపోతే బయటి నుంచి కాసేపు కరెంటు ఇచ్చే ఏర్పాటు చాలా తాళాలకు ఉంటుంది. కొన్నింటికి టైప్-సీ రంధ్రంలో పవర్ బ్యాంకు పెట్టాలి, కొన్నింటికి 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఆనించాలి. ఆ పవర్ బ్యాంకు, ఆ తాళంచెవి ఇంట్లో బీరువాలో ఉంటే ప్రయోజనం లేదు. ఒక చెవి మీ ఆఫీసులో, మరొకటి నమ్మకమైన పక్కింటివారి దగ్గర లేదా దగ్గరి బంధువుల దగ్గర ఉంచండి. ఎవరి దగ్గర ఉందో బిడ్డకు తెలియాలి.

లోపలి నుంచి బయటికి

తాళం గురించి మాట్లాడేటప్పుడు అందరూ బయటి మనిషిని ఆపడం గురించే ఆలోచిస్తారు. పొగ కమ్మినప్పుడు, గ్యాసు వాసన వచ్చినప్పుడు అదే తాళం మన పిల్లలను ఆపకూడదు. లోపలివైపు చెవితో పనిలేని, చేత్తో తిప్పితే తెరుచుకునే పిడి ఉండాలి. బ్యాటరీ లేకపోయినా అది పనిచేయాలి. బిగించిన రోజే బ్యాటరీలు తీసేసి బిడ్డ చేత తెరిపించి చూడండి. పిల్లలను లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్లడం ఏ కారణానా వద్దు. తలుపు తీసుకుని వీధిలోకి పరుగెత్తే చిన్న పిల్లలున్న ఇంట్లో పైన పెద్దవాళ్లకు అందే ఎత్తులో ఒక బోల్టు పెట్టించండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే దాన్ని వాడండి.

నమ్మకానికి ఒక ఒప్పందం

తలుపు ఎవరు ఎప్పుడు తెరిచారో యాప్ రాసి పెడుతుంది. నాలుగున్నరకు "ఇంటికి చేరాడు" అన్న సందేశం రావడం ఏ తల్లికైనా ఊరటే. కానీ అదే చిట్టాను సాయంత్రం తీసి "నాలుగున్నరకు వచ్చి మళ్లీ ఐదుకు ఎక్కడికి వెళ్లావు?" అని నిలదీయడం మొదలైతే పిల్లలు దాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారు. తలుపు మూయకుండా రాయి అడ్డం పెట్టి ఆటకు పోవడం అన్నిటికన్నా సులువైన దారి. అప్పుడు తాళమూ లేదు, నమ్మకమూ లేదు.

చిట్టా ఉందని పిల్లలకు ముందే చెప్పండి. దేనికి చూస్తారో చెప్పండి: చేరారా లేదా తెలుసుకోవడానికి. సందేశం రాకపోతే మొదట ఫోన్ చేసేది పక్కింటికి, తర్వాత బడికి అని కూడా చెప్పండి. సందేశం రాలేదంటే నెట్ పోయి ఉండవచ్చు, కాబట్టి కంగారు వద్దు, కనుక్కోవడం మానవద్దు. పిల్లల వైపు నుంచి మూడు మాటలు తీసుకోండి: పిన్ స్నేహితులకు చెప్పను, లోపలికి రాగానే తలుపు మూస్తాను, ఎవరు పిలిచినా కిటికీలోంచి చూడకుండా తెరవను.

బిడ్డను ఏ వయసు నుంచి ఒంటరిగా ఇంటికి పంపవచ్చన్నది అంకెతో తేలదు. పిన్ తప్పు పడితే ఆగి మళ్లీ నొక్కగలగాలి, రెండు ఫోన్ నంబర్లు నోటికి చెప్పగలగాలి, తలుపు తెరుచుకోకపోతే ఎవరింటికి వెళ్లాలో తెలియాలి, పొగ వస్తే వస్తువులు వదిలి బయటికి రావాలని తెలియాలి. మీరు ఇంట్లో ఉండగానే వారం రోజులు బిడ్డనే తలుపు తీయనివ్వండి. ఒక రోజు చెప్పకుండా బ్యాటరీలు తీసేయండి. ఆ రోజు ఏం చేశాడో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి, దసరాకు ఊరెళ్లే ఇంటి ముందు పెద్ద తాళం కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవారికి తెలిసిపోతుంది. స్మార్ట్ లాక్‌లో ఆ సూచన ఉండదు, అదొక లాభం. అయినా పండుగ సెలవుల్లో ఊరెళ్లేవారు స్థానిక పోలీసు స్టేషన్‌లో చెప్పి వెళ్లాలని మన పోలీసులు ఏటా కోరుతున్నారు. స్మార్ట్ లాక్ ఉన్నవారికీ అది వర్తిస్తుంది. బయలుదేరే ముందు తాత్కాలిక పిన్‌లు రద్దు చేయండి, బ్యాటరీ చూడండి, నగలు బ్యాంకు లాకరులో పెట్టండి. గుమ్మం ముందు పాల ప్యాకెట్లు, పేపర్లు పేరుకోకుండా పక్కింటివారికి చెప్పండి.

తలుపు లోపల అంటించుకోవడానికి

• అమ్మ, నాన్న ఫోన్ నంబర్లు
• తాళంచెవి ఉన్న పక్కింటివారి పేరు, నంబరు
• అత్యవసర సహాయం 112, అగ్నిమాపక కేంద్రం 101, బాలల సహాయవాణి 1098
• బ్యాటరీ మార్చిన తేదీ

ఈ చీటీని ఈ ఆదివారం మీ బిడ్డ చేతనే రాయించండి. ఇదే నాలుగు వివరాలున్న రెండో చీటీ బడి బ్యాగు లోపలి అరలో ఉండాలి. తలుపు తెరుచుకోని రోజున గోడ మీది చీటీ తలుపు అవతలే ఉండిపోతుంది కదా. పిన్ మాత్రం ఏ చీటీ మీదా రాయనివ్వకండి.